ఒక దీర్ఘం తేడా

నోటుబుక్కు తేవడానికి డ్రైవరు వెళ్ళి ఎనిమిది నిమిషాలయింది, పెద్దాయన ఇంటికి పోనూ రానూ గంట పడుతుంది, ఈలోగా ఎవరూ గది దాటడానికి వీల్లేదని లాయరుగారు తలుపు గడియ వేయించారు, కనుక టైపమ్మకు మిగిలింది యాభైరెండు నిమిషాలు. ఆ తర్వాత ఆమె లేచి నిలబడి, తను తప్ప ఈ గదిలో ఎవరూ చదవలేని ఆ పెన్సిలు గీతల్ని చదివి వినిపించాలి. కిటికీలన్నీ మూసేశారు. కింద రోడ్డు మీద దిగిపో, దిగిపో అని అరుస్తున్నది ఎదుటి పార్టీవాళ్ళయితే ఒక కిటికీ అయినా తెరిచి ఉంచేవాళ్ళేమో, అరుస్తున్నది సొంత కార్యకర్తలాయె. దిగిపోవలసిన పార్టీ అధ్యక్షుడు, పెద్దాయన, మొన్న రాత్రే ఆసుపత్రి మంచం మీద పడ్డాడు, నోట్లో గొట్టం, పిలిస్తే పలకడు, ఆ సంగతి కిందవాళ్ళకూ తెలుసు, తెలిసీ గొంతు తగ్గించలేదు. పార్టీని మూడు ఎన్నికల్లో ఓడించిన మనిషి మీద జాలి కూడా ఓడిపోతుంది కాబోలు. బల్ల చుట్టూ పదకొండుమంది మగాళ్ళు, పదకొండు నీళ్ళ గ్లాసులు, ఒక మూల చేతులు లేని కుర్చీలో ఆమె, ఒళ్ళో మినిట్సు పుస్తకం. ముప్ఫై ఏళ్ళుగా ఆ మూలే. ఆ కుర్చీకి చేతులు లేవన్న సంగతి ఈ రోజే గుర్తొచ్చింది, ఎందుకంటే పట్టుకోవడానికి ఏదైనా కావాలనిపించింది.

పొద్దున కవరు చించి పెద్దాయన ఉత్తరం చదివింది లాయరుగారే. పదిహేను లైన్లు. పద్నాలుగు లైన్లు ఎవరి చెవికీ ఎక్కలేదు. పదిహేనో లైను, "నా తర్వాత పార్టీని మనవడే చూసుకుంటాడు." అప్పుడు లాయరుగారు, కోర్టులో నలభై ఏళ్ళు కామాలకూ ఫుల్‌స్టాపులకూ పోట్లాడిన మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "నా మనవడు అని లేదే. ఉత్త మనవడు అని ఉంది. ఎవరి మనవడమ్మా? ఇది ఆయన చెప్పిందా, నువ్వు టైపు చేసిందా?" అన్నారు. ఆయన చెప్పిందే టైపు చేశానండి అంది. దేన్ని చూసి చేశావన్నారు. షార్ట్‌హ్యాండు నోటుబుక్కు చూసి అంది. అయితే తెప్పించండి అన్నారు. అంతే, గడియ పడింది. ఉత్తరం కింద పెద్దాయన సంతకం ఉంది కదా అని ఎవరో నసిగారు. ఆ సంతకం గురించి అడిగితే ఆమె ఏం చెబుతుంది? కళ్ళలో పొర వచ్చిన దగ్గర్నుంచీ ఆయన చదవడం మానేశాడని, ఆమె వేలు ఎక్కడ పెడితే అక్కడ సంతకం పెడతాడని, "ఊళ్ళో అందర్నీ అనుమానిస్తాను టైపమ్మా, నీ దగ్గర మాత్రం కళ్ళు మూసుకుంటాను" అంటాడని చెబుతుందా. కళ్ళు మూసుకుని సంతకం పెట్టాడు. ఇప్పుడు నిజంగానే కళ్ళు మూసుకున్నాడు.

ఆ నోటుబుక్కులో ఏముందో డ్రైవరు తేనక్కర్లేదు, ఆమెకు కళ్ళకు కట్టినట్టు తెలుసు. మ, న, వ, డ, నాలుగు గీతలు ఒకదాని చివర ఒకటి అతుక్కుని ఒక చిన్న కొక్కెం. అంతే ఉంది. షార్ట్‌హ్యాండులో హల్లులకు గీతలు, అచ్చులకు పక్కన చుక్కలు, పొట్టి అచ్చుకు సన్నచుక్క, దీర్ఘానికి లావుచుక్క. చేయి తిరిగినవాళ్ళు చుక్కలు పెట్టరు, అర్థాన్ని బట్టి చదువుకుంటారు. మేడ మీద ఇరుకు గదిలో షార్ట్‌హ్యాండు నేర్పిన మాస్టారు చేతిలో బెత్తంతో వెనక తిరుగుతూ, "చుక్కలు పిరికివాళ్ళకమ్మా, గీత నమ్ముకో, చెవి నమ్ముకో" అనేవాడు. పంతొమ్మిదేళ్ళ పిల్ల, గీతనూ చెవినీ నమ్ముకుంది, నిమిషానికి నూట ఇరవై మాటలు రాసింది, పరీక్షలో మొదట వచ్చింది, చుక్క అన్నది పెట్టి ఎరగదు. మనవడు అన్నా అదే కొక్కెం. మనవాడు అన్నా అదే కొక్కెం. ఒకటి కొడుకు కొడుకో కూతురి కొడుకో, ఇంకొకటి మన మనిషి, మధ్యలో ఒక్క దీర్ఘం. ఆ దీర్ఘం పట్టుకుని ఒక పార్టీ పార్టీ అంతా గడియ వేసుకుని కూచుందంటే చెప్పినా ఎవరూ నమ్మరు, నమ్మితే నవ్వుతారు, నవ్విన తర్వాత ఆమెను తంతారు.

మొన్న పొద్దున పది గంటలకు డిక్టేషను. తొమ్మిదీ నలభైకి ఫోను. అల్లుడు, ఎప్పుడూ గొంతు పెగలని అల్లుడు, ఆ రోజు మాత్రం ఫోను పగిలిపోయేలా, "అత్తయ్యగారూ, మనవడు! మనవడండీ!" అని అరిచాడు. వెనక ఎక్కడో పిల్లవాడి ఏడుపు, కూతురి నీరసపు నవ్వు, మనవడు, మెట్లెక్కుతూ మనవడు, తాళం తీస్తూ మనవడు, పెన్సిలు చెక్కుతూ మనవడు, నోరంతా ఆ మాటే తీపి. ఆ నోటితో, ఆ చెవులతో వెళ్ళి ఆయన ఎదురుగా కూచుంది. ఆయనకు ఆయాసం, పైపళ్ళు వదులు, ప్రతి రెండు మాటలకూ ఒక దగ్గు. నా తర్వాత పార్టీని, దగ్గు, మనవ, ఇక్కడ ఒక దగ్గు, లేదా దగ్గు లాంటిది, లేదా ఊపిరి, డే చూసుకుంటాడు. వకూ డకూ మధ్య ఉన్నది దీర్ఘమా, దగ్గా? చెవి నమ్ముకో అన్నాడు మాస్టారు. చెవినిండా పసివాడి ఏడుపుంటే ఏ చెవిని నమ్ముకోవాలి మాస్టారూ! సాయంత్రం టైపు మిషను ముందు కూచుని ఆ కొక్కెం చూడగానే వేళ్ళు మనవడే అని కొట్టేశాయి. ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆగి ఉంటే ఆయన అప్పటికింకా మాట్లాడుతూనే ఉన్నాడు, పక్క గదిలోనే ఉన్నాడు, తలుపు తోసి ఏమన్నారండీ అని అడిగితే సరిపోయేది. ఆ పసివాణ్ణి ఇంతవరకూ చూడనేలేదు. ఫొటో ఒకటి వచ్చింది, ఎర్రగా, పిడికిలి బిగించి, ఎవరి మీదో కోపంగా. ఆ ఫోను కూడా అందరి ఫోన్లతో పాటు తలుపు దగ్గర ప్లాస్టిక్ బుట్టలో ఉంది.

తలుపు కింద సందులోంచి రబ్బరు బూట్లు కనిపిస్తున్నాయి, బురద ఆరి తెల్లబడ్డ బూట్లు. వరండా బల్ల మీద కూచున్నది అతనే, పెద్దాయన మనవడు, పశువుల డాక్టరు. ఉత్తరంలో మాట గోడలు దాటి పావుగంటలో అతని దాకా వెళ్ళింది, ఎక్కడో ఈనలేని గేదె దగ్గర చేయి కడుక్కుని అలాగే వచ్చేశాడు. ఎక్కడికో పోయిన డ్రైవరు గంటకు తిరిగొచ్చాక, నోటుబుక్కు ఏ సొరుగులో ఉందో అతనికి చెప్పి రమ్మని టైపమ్మను రెండు నిమిషాలు బయటికి వదిలినప్పుడు పట్టుకున్నాడు. ఒంటినిండా ఫినాయిలు వాసన, కళ్ళు బెదిరి ఉన్నాయి. "టైపమ్మా, తాతయ్య నా పేరు చెప్పి ఉండడు. మీరు తప్పు విన్నారని చెప్పండి. మీరు చెప్తే నమ్ముతారు వాళ్ళు" అన్నాడు. నేనేం చెప్పగలను బాబూ అంటే, "నాకు నేనే ఓటెయ్యనండీ. ఆయన ముఖాన కొట్టిన కోడిగుడ్లు ఇక నా ముఖానికా? పెళ్ళై ఏడాది కాలేదు టైపమ్మా" అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఆమె చేతిలో చేయి పెట్టాడు, తడిచేయి, ఇంకా సబ్బు వాసన. ఆమె లోపలికి వచ్చేసింది, గడియ పడింది, బూట్లు మాత్రం అక్కడే ఉన్నాయి, కాసేపు ఎడమ బూటు ఊగుతుంది, కాసేపు కుడి బూటు.

కోడిగుడ్ల మాట అబద్ధం కాదు. పోయిన ఎన్నికల్లో ఆయన బొమ్మ వేసిన పోస్టరు ఒక్క అభ్యర్థీ అంటించలేదు. మా వైపు ప్రచారానికి రావద్దని ఉత్తరాలు రాశారు, ఆ ఉత్తరాలను ఆమే ఆయనకు చదివి వినిపించింది, ఒక్కో ఉత్తరం చదువుతుంటే ఒక్కో మెట్టు దిగిన మనిషిలా కూచునేవాడు. ఓట్లేయకపోతే నష్టం మీకే, నాకేం అన్నాడు ఒక సభలో, ఆ ఒక్క మాట గోడలన్నిటి మీదా రాశారు. ఆ మాట రాసిచ్చింది ఆమె కాదు, నోరు జారాడు, కాలు జారితే లేవొచ్చు. అప్పటి నుంచి ఈ పదకొండు మందిలో ఆయన దిగాలని కోరుకోనివాడు లేడు, ఆయన కుర్చీలో తను కూచోవాలని కోరుకోనివాడూ లేడు, అయితే ఇప్పుడే వద్దు, ముందు ఇంకెవరైనా కూచుని ఆ కుర్చీ మీద గుడ్డు మరకలు తుడిస్తే ఆ తర్వాత. అందరూ అందలం ఎక్కితే మోసేవాడెవడని అంటారు గాని, ఇక్కడ అందలం చుట్టూ చేరినవాళ్ళు నువ్వు ముందెక్కు అంటే నువ్వు ముందెక్కు అంటున్నారు. ఇంకా నలభై రెండు నిమిషాలు. నీళ్ళ గ్లాసు ఒకటి ఖాళీ అయింది. టైపమ్మ తమ్ముడిది.

తమ్ముడు బల్లకు అటు చివర కూచున్నాడు, ఆమెవైపు చూడడంలేదు. పార్టీ ఆర్గనైజరు. అక్క పట్టుకొచ్చి పోస్టర్లు అంటించే పనికి పెట్టిన కుర్రవాడు, ఇరవై ఎనిమిదేళ్ళు, బస్సులు మాట్లాడడం, మైకులు, జెండా కర్రలు, అలిగినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి బతిమాలడం, ఏ సభకూ వేదిక ఎక్కకుండానే జుట్టు నెరిసిపోయింది. పొద్దున మనవడే అన్న మాట చదవగానే తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడూ అంతే, దెబ్బ తగిలితే ఏడ్చేవాడు కాదు, చెవులు ఎర్రబడేవి. వాడికి నువ్వే దిక్కు అని అమ్మ పోతూ పోతూ ఆమె చేతిలో పెట్టి పోయింది. దిక్కు! ఆ దిక్కు టైపు చేసిన ఒక్క మాటతో ఇరవై ఎనిమిదేళ్ళ చాకిరీ గంగపాలైంది. అయితే దాన్ని సరిచేస్తే మాత్రం? మనవాడు అని చదివితే ఈ గదిలో అందరి కళ్ళూ ముందు తమ్ముడి మీదికి, తర్వాత ఆమె మీదికి తిరుగుతాయి. అక్క కదా, తమ్ముడికి దీర్ఘం తీసింది అంటారు. మనవడు అని చదివితే బయట బూట్లు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తనకు తెలియదని చెబితే? ముప్ఫై ఏళ్ళు మీరు చెప్పినవన్నీ ఇలాగే రాశానేమో, నాకు తెలియదు అని చెప్పినట్టు.

తమ్ముడిని పెద్దాయన పేరు పెట్టి పిలవగా ఆమె వినలేదు. జనరేటరు రాలేదండీ అంటే, మనవాడు చూసుకుంటాడు. ఊరేగింపుకు అనుమతి ఇవ్వలేదండీ, మనవాడు చూసుకుంటాడు. అమ్మాయి పెళ్ళికి మనుషులు తక్కువయ్యారు, ఆసుపత్రిలో బెడ్డు దొరకలేదు, అల్లరి మూక ఆఫీసు అద్దాలు పగలగొట్టింది, మనవాడు చూసుకుంటాడులే. చూసుకుంటాడు. ఆ మాట వెనకే వచ్చేది ఎప్పుడూ అదే. ముప్ఫై ఏళ్ళ నోటుబుక్కుల్లో ఆ రెండు మాటలూ ఎప్పుడూ జంటగానే, కావడి కట్టినట్టు. ఇక మనవడు? ఆయన మనవణ్ణి మనవడు అన్నది ఎప్పుడు? మా డాక్టరు వచ్చాడా, మా డాక్టరుకు ఫోను చెయ్యి, మా డాక్టరు గేదెలతో మాట్లాడతాడు గాని నాతో మాట్లాడడు. పుట్టినప్పుడు బుజ్జిగాడు, చదివాక డాక్టరు, అంతేగాని మనవడు అన్న మాట ఆయన నోట ఒక్కసారీ రాలేదు. ఆ మాట ఆయనది కాదు. ఆమెది. అల్లుడి నోట్లోంచి ఆమె చెవిలో పడి, చెవిలోంచి వేళ్ళలోకి దిగి, వేళ్ళలోంచి పార్టీ మీద పడింది. తన ఇంట్లో పుట్టిన మనవణ్ణి తీసుకొచ్చి ఈ కుర్చీలో కూచోబెట్టింది! నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళొచ్చాయి, కొంగుతో కళ్ళజోడు తుడుచుకున్నట్టు నటించింది. భయం మాత్రం పోలేదు, కానీ ఇందాకటి భయం వేరు, ఇది వేరు. ఇందాక ఏది నిజమో తెలియని భయం. ఇప్పుడు తెలిసిన భయం.

తెలిశాక కాలం ఉరికింది. ఇరవై నిమిషాలు, పది, కింద అరుపులు, ఎవరో ముక్కు చీదారు, లాయరుగారు ఒకసారి కునికి లేచారు, ఫ్యాను గాలికి ఉత్తరం ఎగరబోతే తమ్ముడు దాని మీద గ్లాసు పెట్టాడు. ఖాళీ గ్లాసు. బూట్లు ఊగడం మానేశాయి. తలుపు తట్టారు. గడియ తీసి అందుకుని మళ్ళీ వేశారు, నోటుబుక్కు చేతులు మారి మారి ఆమె దగ్గరకు వచ్చింది, వచ్చేదారిలో ఒక్కొక్కరూ తెరిచి చూసి, ఏదో చీమల బారు చూసినట్టు ముఖం పెట్టి పక్కవాడికి ఇచ్చారు. ఆమె లేచి నిలబడింది. పేజీ తిప్పింది. కొక్కెం అక్కడే ఉంది, చుక్క లేకుండా, అమాయకంగా.

"నా తర్వాత పార్టీని మనవాడే చూసుకుంటాడు" అని చదివింది. వా దగ్గర దీర్ఘాన్ని దీర్ఘంగానే పలికింది. "టైపు చెయ్యడంలో నాదే పొరపాటండీ. చుక్కలు పెట్టకపోతే మనవడూ మనవాడూ ఒకే గీత. ఆయన అన్నది మనవాడు అని."

కళ్ళన్నీ తమ్ముడి మీదికి తిరుగుతాయనుకుంది. తిరగలేదు. అదే వింత. కోశాధికారి చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఆయన పక్కనున్న మాజీ మంత్రి కుర్చీలో నిటారుగా జరిగాడు. ఇంకొకాయన దగ్గి, తల దించుకుని, వినయంగా ముఖం పెట్టాడు. బల్ల చుట్టూ ఒక్కొక్క వీపూ నిలువయింది. పెద్దాయన ఎప్పుడో ఒకప్పుడు భుజం మీద చేయి వేసి మనవాడు అనని మనిషి ఆ గదిలో లేడు మరి. ఒక్క ముక్కలో పది మంది వారసులు పుట్టుకొచ్చారు. లాయరుగారు కూడా తెలియకుండానే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి పెట్టుకుని, "మనవాడంటే ఎవరివాడమ్మా?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు తెలుసు. అటు చివర కూచుని ఉన్నాడు. వాడి పేరు చెప్పడానికి నోరు తెరిచింది.

"మా అక్కకి మొన్ననే మనవడు పుట్టాడండీ" అన్నాడు తమ్ముడు, లేచి నిలబడి. నవ్వుతున్నాడు. "అటు కూతురు, ఇటు పెద్దాయన, రెండు రాత్రుల్నించీ కంటిమీద కునుకు లేదు. అందుకే మాట తడబడింది. మొన్న నాకు ఫోన్లో తనే చెప్పింది, పెద్దాయన డాక్టరుబాబు పేరు రాయించారని. అక్కా, కంగారు పడకు. నీళ్ళు తాగి మళ్ళీ చదువు."

అలాంటి ఫోను ఆమె చెయ్యలేదు. గదిలో ఒకే ఒక్క నిట్టూర్పు, పది ముక్కుల్లోంచి. ఓహో, మనవడు పుట్టాడా, చెప్పరేంటండీ, స్వీట్లేవీ అంటూ బల్ల చరిచారు. నిలబెట్టుకున్న వీపులన్నీ మళ్ళీ ఒదిగిపోయాయి, ఎందుకంటే పదిమంది మనవాళ్ళలో ఒకణ్ణి ఏరడం కంటే ఒక్క మనవణ్ణి ముందుకు తోయడం తేలిక. తమ్ముడు నీళ్ళ గ్లాసు పట్టుకుని వచ్చి ఆమె పక్కన వంగాడు. "గుడ్లు అతని మీద పడనీ అక్కా. రెండేళ్ళు. ఆ తర్వాత నేను చూసుకుంటాను" అన్నాడు, పెదవి కదలకుండా. చెవులు ఎర్రగా లేవు. ఆమె ఆ చెవులవైపే చూస్తూ ఉండిపోయింది. వీడికి నేను దిక్కా! సిగ్గు పాదాల్లోంచి పైకి పాకింది, వాడి గురించా, తన గురించా అన్నది తేలలేదు. అబద్ధం చెప్పావురా అని అరవొచ్చు. అరిస్తే అమ్మ చేతిలో పెట్టిన చెయ్యి అందరిముందూ విదిలించుకోవాలి. నీళ్ళు తాగింది. చదివింది. "మనవడే చూసుకుంటాడు."

ఏకగ్రీవం అన్నారు. ఏకగ్రీవం అని రాసింది. గడియ తీయడం ఆమె పనే కనుక వెళ్ళి తీసింది, బూట్లు లేచి నిలబడ్డాయి. అతను ఆమె ముఖంలోకి చూశాడు, "ఏం చదివారు టైపమ్మా?" అన్నాడు. నిజమే చదివాను బాబూ అందామనుకుంది, రెండుసార్లు చదివానని చెప్పాల్సి వస్తుందని ఊరుకుంది. ఈలోగా పది చేతులు అతని భుజాల మీద పడ్డాయి, లోపలికి లాక్కుపోయాయి, పెద్ద కుర్చీ జరిపారు, అతను కూచున్నాడో, కూచోబెట్టారో. కుర్చీకి చేతులున్నాయి, వాటిని గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు కోశాధికారి, "వారసత్వం అంటారండీ పేపరువాళ్ళు, ఏం చెబుదాం?" అన్నాడు. లాయరుగారు ఆలోచించబోయారు గాని తమ్ముడే ముందు అందుకున్నాడు. "సింపులండీ. మనవడని కాదు, మనవాడని ఎన్నుకున్నాం. అంతే." భలే, భలే అన్నారు అందరూ. లాయరుగారైతే ఆ మాటను రెండుసార్లు అనుకుని చూసి తల ఊపారు.

"రాసుకో అమ్మా" అన్నారు ఆమెతో.

రాసుకుంది. కొక్కెం, కాదు, మళ్ళీ కొక్కెం. రెండు మాటలూ అచ్చుగుద్దినట్టు ఒక్కలాగే ఉన్నాయి. తమ్ముడు ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు, అతనికి ఆ గీతలు రావు, అయినా ఇవాళ పొద్దుటినుంచీ ఒక్క సంగతి మాత్రం బాగా నేర్చుకున్నాడు. "ఈసారి చుక్కలు మర్చిపోకక్కా" అన్నాడు నెమ్మదిగా, ప్రేమగానే.

ఆమె పెన్సిలు ఒత్తి పట్టుకుని మొదటిదాని పక్కన సన్నచుక్క, రెండోదాని పక్కన లావుచుక్క పెట్టింది. ముప్ఫై ఏళ్ళలో అవే మొదటి చుక్కలు. బాగా కుదిరాయి. మాస్టారు చూస్తే, పిరికిదానా, అని ఉండేవాడు.